పదకొండు రిటైర్మెంట్ కాగితాలు

నా ఇరవై మూడో ఏట, ఒక్క పూటలో, కుర్చీలోంచి లేవకుండా పదకొండు మందిని ఉద్యోగాల్లోంచి ఇంటికి పంపించాను. వాళ్ళలో నన్ను ఉద్యోగంలో పెట్టుకున్న పెద్ద డాక్టరుగారు ఉన్నారు. నన్ను ఈ భూమ్మీద అందరికంటే ముందు చేతుల్లోకి తీసుకున్న నర్సమ్మ కూడా ఉంది. గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో మా హన్మకొండ బజారు సగం నవ్వింది, మిగతా సగం మా నాన్న దుకాణానికి వచ్చి మరీ నవ్వింది.

మా నాన్నకు చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల కొట్టు. నేను గిన్నెలు అమ్మనని మొండికేసి, హైదరాబాదులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి తిరిగొచ్చాను. అప్పటికి వరంగల్‌లో కంప్యూటర్ పేరు విన్నవాళ్ళే గాని చూసినవాళ్ళు తక్కువ. ఒక క్రైస్తవ దవాఖానలో మాత్రం ఒకటుండేది. విదేశంలో ఎవరో చర్చివాళ్ళు తాము కొత్తది కొనుక్కుని, పాతదాన్ని ప్రేమగా ఓడలో పంపారట. బట్టల బీరువా అంత ఉండేది. దానికొక ఏసీ గది. రోగులు ఫ్యాను కింద చెమటలు కక్కుతుంటే అది ఏసీలో పడుకుని గుర్రుమనేది. దాన్ని నడపడానికి నన్ను పెట్టుకున్నారు. రోగుల పేర్లు, వార్డు డ్యూటీలు, ఉద్యోగుల జాబితా, ఇవీ దాని పనులు.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే నా మూర్ఖత్వమంతా ఇందులోనే ఉంది. కంప్యూటర్ లోపల అన్ని పనులనూ నడిపించే మూల ప్రోగ్రాం ఒకటుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మాదాన్ని రాసిన మహానుభావులు సంవత్సరాన్ని దాచుకోవడానికి చాలా ఇరుకు చోటిచ్చారు. అది సున్నా నుంచి ఏడుదాకా లెక్కపెట్టి, ఆ తర్వాత మళ్ళీ సున్నాకు వస్తుంది. డెబ్భైలో మొదలైన లెక్క డెబ్భై ఏడుతో నిండిపోతే, కంపెనీవాళ్ళు ఎనిమిది కలుపుకోండని ఒక సవరణ పంపారు. దాంతో ఎనభై ఐదు చివరిదాకా గడిచింది. ఎనభై ఆరులో మళ్ళీ ఒక ఎనిమిది కలపకపోతే మా మిషిను నూతన సంవత్సరం రోజున డెబ్భై ఎనిమిదికి వెళ్ళి కూర్చుంటుంది.

సవరణ పంపమని కంపెనీకి ఉత్తరం రాశాం. జవాబు పట్టుకుని పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళాను. ఆయన పేరు సామ్యూల్. దవాఖాన మొత్తానికి ఆయనదే మాట.

"ఏమంటాండ్రు రమేశ్?"

"ఈ సిస్టమ్‌ను ఇగ పట్టించుకోరట సార్. ఏ సవరణలూ పంపరట. కొత్త మిషిను కొనుక్కోమంటాండ్రు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆపరేషన్ థియేటర్ల లైటే కొత్తది కొనలేకపోతాన్న. కొత్త మిషినెక్కడ?"

"మీరేం ఫికర్ చెయ్యకుండ్రి సార్. కంపెనీ జేసేది నేనే జేస్త."

"నీకొస్తదా?"

"అదెంత సార్! ఎనిమిది కలపాలె, అంతే."

"జర చూసుకొని చెయ్యి. ముసలి పేషెంటు మీద మొదటి ఆపరేషన్ నేర్చుకునుడు మంచిది కాదు."

ఆ మాటకు నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

జనవరి రెండో తారీఖు పొద్దున్నే పనిలో కూర్చున్నాను. మా నాన్న కొబ్బరికాయ ఇచ్చి పంపాడు. క్రైస్తవ దవాఖానలో కొట్టడం బాగుండదని గేటు బయట కొట్టి, చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్ళాను. మూల ప్రోగ్రాంలో తేదీ చూసే చోటు వెతికి పట్టుకుని ఎనిమిది కలిపాను. ఉద్యోగుల జాబితా ప్రోగ్రాం గుర్తొచ్చింది. అది వయసులు లెక్కగట్టేది. ఎందుకైనా మంచిదని దాంట్లోనూ ఎనిమిది కలిపాను. మిషిను ఆపి మళ్ళీ నడిపితే తెరమీద ఎనభై ఆరు అని పచ్చగా వెలిగింది. కంపెనీ చేతులెత్తేసిన పనిని హన్మకొండ స్టీలు కొట్టువాడి కొడుకు చేసి చూపించాడు. ఆ సంతోషంలో క్యాంటీనుకు వెళ్ళి రెండు చాయ్‌లు వరుసగా తాగాను.

ప్రతి కొత్త సంవత్సరంలో ఆ జాబితా ప్రోగ్రాం యాభై ఎనిమిదేళ్ళు నిండినవాళ్ళకు రిటైర్మెంట్ కాగితాలు అచ్చువేసేది. ఈ నెలాఖరుతో మీ సేవలు ముగుస్తాయి, దేవుడు మిమ్మల్ని దీవించుగాక, అని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. ఏటా ఒకటో రెండో వచ్చేవి. ఆ రోజు పదకొండు వచ్చాయి. నాకేమనిపించిందో తెలుసా? 'ఈ ఏడు చాలామంది పెద్దవాళ్ళయిపోయారు పాపం' అనిపించింది.

డాక్టరుగారు వైద్య శిబిరం కోసం రెండు రోజులు ఏటూరునాగారం వెళ్ళారు. ఆయన సంతకం రబ్బరుముద్ర నా దగ్గరే ఉండేది. టపటపా పదకొండు ముద్రలు కొట్టాను. పేర్లయినా చూసుకోలేదా అని మీరడగొచ్చు. చూసుకోలేదు. ముద్ర కొట్టేవాడి కళ్ళెప్పుడూ కాగితం అడుగునే ఉంటాయి.

కాగితాలు పంచమని అటెండర్ మల్లయ్యను పిలిచాను. ఆయనకు నలభై దాటి రెండు మూడేళ్ళుంటాయి.

"గింతమందా సార్?" అన్నాడు కట్ట తూచి చూస్తూ.

"కంప్యూటర్ లెక్క తప్పదు మల్లయ్యా."

"నాకు గూడ ఉన్నదా?"

"లేదు."

"ఎందుకు లేదు సార్?" అన్నాడు, పెళ్ళి విందులో తన విస్తరికి లడ్డూ రానివాడిలా.

మర్నాడు పొద్దున నేను గది తలుపు తీసేలోపే వసారా నిండిపోయింది. అందరికంటే ముందు వంటశాల సత్తెమ్మ.

"నేను ముసల్దాన్నయిన్నా? యాభై రెండేండ్లకే ముసల్దాన్నయిన్నా? ముసల్ది వండితె నువ్వెట్ల తింటవ్? ఇయ్యాల్టి సంది నీకు అన్నం బంద్!"

ఆమె వెనకనుంచి ఎక్స్‌రే అబ్రహాముగారు ఒక ఫిల్మును పైకెత్తి పట్టుకుని దారి చేసుకుని వచ్చారు. "గిది చూడు. నా నడుం. నేనే తీసుకున్న. ముప్పై ఏండ్ల పోరగాని నడుంలెక్క ఉన్నది. ఏ ఎముక చూసి రిటైర్ చేసినవ్ నన్ను?"

"సార్, నేను కాదు, కంప్యూటర్..."

"కంప్యూటర్‌ను బయటికి పిలువు. దానితోనే మాట్లాడత."

తొమ్మిది మంది వచ్చారు. తొమ్మిది కాగితాలు నా బల్లమీద పడ్డాయి. ప్రోగ్రాం తెరిచి చూశాను. మూల ప్రోగ్రాంలో ఒక ఎనిమిది. దాన్నుంచే తేదీ తీసుకునే జాబితా ప్రోగ్రాంలో ఇంకో ఎనిమిది. ఒక్కచోట కలపాల్సింది అతిజాగ్రత్తతో రెండుచోట్ల కలిపాను. తెరమీద ఎనభై ఆరే ఉంది గాని, ఉద్యోగుల జాబితాకు మాత్రం అప్పటికే తొంభై నాలుగు వచ్చేసింది. యాభై దాటిన ప్రతివాళ్ళనూ అది ఇంటికి పంపేసింది. రెండో ఎనిమిది చెరిపేసి చూస్తే ఆ ఏడు వెళ్ళాల్సినవాళ్ళు ఒక్కరూ లేరు.

అప్పుడే డాక్టరుగారి జీపు వచ్చి ఆగింది. దుమ్ముకొట్టుకుపోయిన చొక్కాతో లోపలికి వచ్చి, తన బల్లమీది కవరు విప్పి చదువుకున్నారు. కింద తన సంతకమే ఉంది. నన్ను పిలిపించారు.

"నన్ను నేనే రిటైర్ చేసుకున్నట్టున్న. ఇగ దవాఖాన నువ్వే నడుపుతవా రమేశ్? పదిగంటలకు హెర్నియా కేసున్నది."

నేను నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఎన్ని పంచినవ్?" అన్నారు. "పదకొండు." "ఎన్ని తిరిగొచ్చినయ్?" "మీదానితోటి పది." "ఇంకొకటి?"

మల్లయ్యను అడిగాం. "రూతమ్మ సిస్టరుకు లేబర్ వార్డుల ఇచ్చిన సార్. చదువుకున్నది. మడతపెట్టి జేబుల వెట్టుకున్నది. ఏమనలే."

నా నవ్వులన్నీ అక్కడితో ఆగిపోయాయి.

రూతమ్మ సిస్టరంటే కాన్పుల వార్డుకు పెద్ద నర్సు. ముప్పై రెండేళ్ళుగా అక్కడే. నేనూ, మా అక్కా ఆమె చేతిమీదే పుట్టాం. డాక్టరుగారూ నేనూ వార్డుకు పరిగెత్తాం. అక్కడ ఒక చిన్న నర్సు తాళంచెవుల గుత్తి పట్టుకుని ఏడుస్తోంది.

"పొద్దుగాలనే నా చేతిల పెట్టి పోయింది సార్. డోర్నకల్ల చెల్లె ఇంటికి పోతాన్న, ఇగ రాను అన్నది."

మూల మంచం మీద పరకాల పక్కనుంచి వచ్చిన కొమురమ్మ మూట కట్టుకుని కూర్చుంది. నెలలు నిండిన మనిషి. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. ఈసారి బిడ్డ అడ్డం తిరిగిందని పది రోజులుగా రూతమ్మే దగ్గరుండి చూస్తోంది.

"సిస్టరమ్మ లేకుంటె నేనుండ సారూ. ఆమె ఉన్నదనే వచ్చిన. నేను ఇంటికి పోత."

డాక్టరుగారు ఆమెతో నెమ్మదిగా మాట్లాడి పడుకోబెట్టారు. తర్వాత నన్ను బయటికి తీసుకొచ్చి ఒక్కటే మాటన్నారు. "పో. ఆమెను తోల్కరా."

వరంగల్ స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. ఎనిమిదికి బదులు పదహారు, సిస్టమ్, ప్రోగ్రాం. ఏదీ ఒక మనిషికి చెప్పే మాటలా లేదు. కొమురమ్మకు ఏమన్నా అయితే దానికి నేను ఏ ప్రోగ్రాంలో సవరణ వెయ్యాలి?

డోర్నకల్‌లో రైల్వే క్వార్టర్లు అడుగుతూ వెళ్ళాను. రూతమ్మ చెల్లెలింటి ముందు పీట వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎప్పుడూ తెల్ల బట్టల్లో చూసిన మనిషిని ముతక నీలం చీరలో ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయాను.

"వచ్చినవా బిడ్డా," అంది, నేనొస్తానని తెలిసినట్టు. "కూసో. చాయ్ తాగుతవా?"

"సిస్టరమ్మా, తప్పయింది. నాదే తప్పు. ఆ కాయితం అబద్ధం." ఒక్క గుక్కలో ఎనిమిదీ ఎనిమిదీ అంతా చెప్పేశాను. "మీకు యాభై నాలుగే. ఇంక నాలుగేండ్ల సర్వీసున్నది. పోదాం పాండ్రి."

ఆమె చేతిలోని చిక్కుడుకాయను తుంచకుండానే గిన్నెలో పడేసింది.

"మిషిను తప్పు చెప్పిందా?"

"మిషిను కాదు, నేను."

"అందరు వచ్చి నీతోటి కొట్లాడిండ్రు గదా?"

"కొట్లాడిండ్రు. సత్తెమ్మ అన్నం బంద్ వెట్టింది."

"నేనెందుకు కొట్లాడలేదో ఎరికేనా నీకు?"

తల అడ్డంగా ఊపాను.

"నాకు యాభై నాలుగు కాదు బిడ్డా. యాభై తొమ్మిది."

చిక్కుడుకాయల గిన్నె పక్కకు పెట్టింది. పెళ్ళైన ఏడేళ్ళకు ఆమె భర్త జ్వరంతో పోయాడట. పిల్లల్లేరు. అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టారు. నర్సు ట్రైనింగుకు ఇరవై ఐదు దాటినవాళ్ళను తీసుకోరని తెలిసినా దవాఖానకు వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడు.

"అప్పటి తెల్ల దొరసాని డాక్టరమ్మ కలం పట్టుకొని ఎన్నేండ్లన్నది. ఇరవై రెండన్న. నా మొఖం దిక్కు చూసింది. ఆమెకు ఎరికయిందో లేదో దేవునికే ఎరిక. రాసుకున్నది. గా ఒక్క మాట మీద ముప్పై రెండేండ్లు అన్నం తిన్న. ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద కూసున్నప్పుడు అదే యాదికొస్తది. నిరుడే దిగిపోవాల్సిన దాన్ని. చెప్పాలె అనుకుంట, మళ్ళ ఏదో కాన్పు వస్తది, పోత. నిన్న మల్లయ్య ఆ కాయితం ఇచ్చినప్పుడు నాకు ఏడుపు రాలే. దొరికిపోయిన అనుకున్న. ఇగ నెలాఖరుదాక ఆగబుద్ధి కాలే. బరువు దిగినట్టయింది. రాత్రి మంచిగ నిద్రవట్టింది."

వేలితో గచ్చుమీద గీతలు గీస్తూ కూర్చున్నాను. ఎందుకైనా మంచిదని నేను కలిపిన ఎనిమిది వెళ్ళి ఎక్కడ తగిలిందో అప్పుడు తెలిసింది.

చివరికి నాకు తోచింది ఒక్కటే. "కొమురమ్మ మూట కట్టుకొని కూసున్నది సిస్టరమ్మా. మీరు లేకుంటె ఇంటికి పోతనంటాంది."

ఆమె తల చప్పున పైకి లేచింది. "పోనిచ్చిండ్రా?"

"లేదు. డాక్టర్ సార్ ఆపిండు."

"బిడ్డ తిరిగిందా?"

"నాకేం తెలుస్తది సిస్టరమ్మా..."

"నీకేం తెలుస్తది," అంటూనే లేచింది. "రైలెప్పుడున్నది?" చెల్లెల్ని పిలిచి కూరగాయలు అప్పగించి, తెల్ల బట్టల సంచి తీసుకుంది. "పోదాం పా. కాన్పు చేసినాక డాక్టరు దగ్గర మొత్తం చెప్త. నువ్వు అడ్డం రావొద్దు."

సాయంత్రం వీధి దీపాలు వెలిగే వేళకు మేం చేరేసరికే కొమురమ్మకు నొప్పులు మొదలయ్యాయి; రాత్రికి ఆడపిల్ల పుట్టింది. రూతమ్మ గంటసేపు కడుపుమీద చేతులు పెట్టి, మాటలు చెప్తూ బిడ్డను తిప్పిందట. వసారాలో నిలబడ్డ నాకు ఆ పిల్ల ఏడుపు వినబడగానే బెంచీ మీద కూలబడ్డాను. ఎక్స్‌రే అబ్రహాముగారు నీళ్ళు తెచ్చిచ్చి, "నీ నడుం గూడ ఒకసారి తీయాలె" అన్నారు.

మర్నాడు రూతమ్మ డాక్టరుగారి ముందు నిలబడి, డోర్నకల్‌లో నాకు చెప్పిందంతా చెప్పింది. నన్ను కూడా ఉండమంది. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత ఆమె దగ్గరి కాగితం అడిగి తీసుకుని, రబ్బరుముద్ర పక్కన కలంతో తన అసలు సంతకం పెట్టారు.

"ఈ కాయితం సరిగ్గనే ఉన్నది సిస్టర్. మీరు రిటైర్ అయిండ్రు."

అడ్డం రావొద్దన్న మాట మరిచి నేనొక అడుగు ముందుకేశాను. ఆమె మాత్రం తల వంచి, "అయ్యిన సార్" అంది.

ఆయన సొరుగులోంచి ఇంకో తెల్లకాగితం తీశారు. "రిటైరయినోళ్ళను ఏడాదికోసారి మళ్ళ తీసుకునే అధికారం నాకున్నది. గిది రేపటి సంది. లేబర్ వార్డు. వయసు ఎంత రాయాలె?"

"యాభై తొమ్మిది సార్," అంది రూతమ్మ.

ఇంతటితో అయిపోతే ఇది గంభీరమైన కథగా మిగిలేది. కాని ఆ ఆదివారం దవాఖాన చర్చిలో ఆరాధన తర్వాత రూతమ్మ మా అందరి ముందు లేచి, తన తప్పు ఒప్పుకుంటూ సాక్ష్యం చెప్పింది. "డాక్టర్లకు దొరకలే. దొరసానికి దొరకలే. ముప్పై రెండేండ్లకు ఆ మిషినుకు దొరికిపోయిన." నేను లేచి, అది మిషిను గొప్పతనం కాదు, నా తప్పు అని చెప్పబోయాను. పక్కన కూర్చున్న మల్లయ్య నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, "చిన్నోనివి, నీకు తెల్వది" అన్నాడు.

సోమవారం నుంచి నా గదికి మనుషులు రావడం మొదలైంది. ఒక్కొక్కరే, అటూ ఇటూ చూసుకుంటూ. సత్తెమ్మ గిన్నెనిండా పులిహోర తెచ్చి, "యాభై రెండు గాదు నాయినా, యాభై నాలుగు. అదడగక ముందే నువ్వు జెప్పు దానికి" అంది. అబ్రహాముగారు తన ఏడాది తేడాను చీటీమీద రాసి, మిషిను మీద పెట్టి, దానికి నమస్కారం చేసి వెళ్ళారు. మల్లయ్య వయసు సరిగ్గానే ఉందట గాని, పెళ్ళికిముందు జరిగిన ఏదో విషయం చెప్పబోతే నేను చెవులు మూసుకున్నాను. వారంలో ఏడుగురు వచ్చారు.

శనివారం మధ్యాహ్నం డాక్టరుగారే వచ్చారు. తలుపు దగ్గరికి వేసి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"రమేశ్, ఆ రోజు నాకు గూడ ఒకటొచ్చింది గద."

"అది నా తప్పు సార్. చింపేసిన."

"చింపినవు, మంచిదే." ఆయన గొంతు తగ్గించారు. "నన్ను బడిల ఏసినప్పుడు మా నాయిన ఏదో అందాజగ రాయించిండు. రెండేండ్లు అటో ఇటో ఉంటది. అది గిట్ట దానికెరికనా?"

"దానికేం తెల్వది సార్. మనం ఏది రాస్తె అదే."

"నిజంగనా?"

"ఒట్టు సార్."

ఆయన లేచి, తలుపు తీసి, వెనక్కి తిరిగారు. ముఖంలో నవ్వు లేదు. "అట్లనే ఉండనియ్. కంపెనీయే ఇడిసిపెట్టింది. నువ్వు గూడ ఇగ దాన్ని ముట్టకు."

ఆ రోజే, ఏసీ గదిలో, ఆ బీరువా ముందు చేతులు కట్టుకుని నిలబడి ఒక ప్రమాణం చేశాను. తయారుచేసినవాళ్ళే వదిలేసిన యంత్రానికి సొంత తెలివితో సవరణ వెయ్యను. ఒకవేళ తప్పనిసరై వేసినా ఒక్కచోటే వేస్తాను. వేసిన తర్వాత అది చెప్పే మాటకు నా దగ్గరున్న ఏ ముద్రా కొట్టను. ముఖ్యంగా, నాకు జీతమిచ్చేవాళ్ళ వయసు ఏ జన్మలోనూ లెక్కపెట్టను.

ఇప్పటిదాకా ప్రమాణం తప్పలేదు. నా వయసెంతని ఎవరైనా అడిగితే సర్టిఫికెట్‌లో ఏముందో అదే చెబుతాను. అంతకుమించి నన్ను అడక్కండి.